ట్రంకుపెట్టెలో తాతగారి మెడల్స్ దొరికాయా? ముందు అంచు చూడండి

పాత మెడల్ చేతికి రాగానే మనవాళ్ళు చేసే పనులు రెండు. ఒకటి, దాని మీదున్న రాజు తలకాయ చూసి "బ్రిటిష్‌వాళ్ళ కాలంది" అని తేల్చెయ్యడం. రెండోది, వంటింట్లోకెళ్ళి చింతపండు పట్టుకురావడం. రెండూ కాసేపు ఆపండి. రాజు తలకాయ లక్షల మెడల్స్ మీద ఉంది, దాన్నిబట్టి మీ ఇంటి మనిషి గురించి ఏమీ తెలియదు. తెలిసేదంతా అంచు మీద ఉంటుంది. బిళ్ళని నిలబెట్టి తిప్పితే కనిపించే ఆ సన్నటి అంచు మీద, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సర్వీసు నంబరు, హోదా, పేరు, పటాలం కొట్టి ఉంటాయి. అవి ఉంటే అది మీ ముత్తాత మెడల్. అవి పోతే ఎవరిదో చెప్పలేని లోహపు బిళ్ళ.

వాటిని పోగొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఇంటర్ చదివే రోజుల్లో మా నాయనమ్మ బొత్తాల డబ్బాలో రెక్కల దేవత బొమ్మున్న కంచు బిళ్ళ ఒకటి దొరికింది. "మా మామగారిది, బస్రా వెళ్ళొచ్చాక ఇచ్చారంట" అంది. అప్పట్నుంచి ప్రతి ఆగస్టు 15కీ దాన్ని చింతపండు, విభూతి పెట్టి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమేవాణ్ణి. తళతళలాడిపోయేది. చాలా ఏళ్ళ తర్వాత అంచు మీద పేరుంటుందని తెలిసి భూతద్దం పెట్టి చూస్తే నంబరు, హోదా, పేరులో మొదటి మూడక్షరాలు మిగిలాయి, మిగతాదంతా నా చేతి చలవ. దానికి జతగా ఒక వెండి బిళ్ళ కూడా ఉండేదని, మా మేనత్త పట్టీల కోసం అది కంసాలి దగ్గర కరిగిపోయిందని కూడా అప్పుడే బయటపడింది.

సరే, పనిలోకి దిగుదాం.

మొదట సామాను. నగల షాపువాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, ఒక చిన్న టార్చి, వెర్నియర్ కాలిపర్, గ్రాములు చూపించే చిన్న తూకం, పల్చటి ట్రేసింగ్ పేపరు, మెత్తటి పెన్సిలు. ఇంతే. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, టేబుల్ మీద మెత్తటి బట్ట పరవండి, ఎందుకంటే మెడల్ గచ్చు మీద పడితే సరిగ్గా అంచే దెబ్బతింటుంది. రిబ్బన్‌కి గుచ్చి ఉన్నవాటిని విడదీయకండి. ఒకే పట్టీకి నాలుగు మెడల్స్ వరసగా కుట్టి ఉంటే ఆ వరసే ఒక సాక్ష్యం, పక్కనున్నది ఏ మెడల్ అన్నది దీని గురించి చెప్తుంది. ముందు ఉన్నదున్నట్టుగా ఫోన్లో ముందూ వెనకా ఫొటోలు తీసి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి. రిబ్బన్ మీద చిన్న కంచు ఆకు గుచ్చి ఉంటే అది అలంకారం కాదు, యుద్ధ నివేదికల్లో ఆ మనిషి పేరు ప్రత్యేకంగా ప్రస్తావించారని గుర్తు. అది ఊడి డబ్బా అడుగున పడి ఉండొచ్చు, డబ్బాలో చెత్త అనుకున్నది కూడా పారెయ్యకండి.

ఇప్పుడు అంచు చదవడం. గదిలో లైటు ఆపి, టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి. పైనుంచి వేస్తే అరిగిన అక్షరాలు మెరుపులో కలిసిపోతాయి, పక్కనుంచి వేస్తే ప్రతి గుంటలోనూ చిన్న నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. మెడల్‌ని నెమ్మదిగా తిప్పుతూ వీడియో తీసుకోండి, తర్వాత ఆపి ఆపి చదువుకోవచ్చు. అప్పటికీ అర్థం కాకపోతే ట్రేసింగ్ పేపరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండ్రటి మెడల్స్ వ్యాసం 36 మిల్లీమీటర్లు, అంటే అంచు చుట్టుకొలత 11 సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి 12 సెంటీమీటర్ల పేలిక కత్తిరించి అంచు చుట్టూ బిగించి, పెన్సిల్ని పక్కకి వాల్చి మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు నోట్‌బుక్కులో నాణెం మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం, అదే. మా ముత్తాత నంబరులో 3 అనుకున్నది 8 అని నాకు ఈ పేలిక మీదే తెలిసింది.

అక్కడ కనిపించే పొట్టి అక్షరాల్ని ఇలా విప్పుకోండి. ఎస్.ఇ.పి. అంటే సెపాయి, అంటే మన సిపాయి. ఎన్.కె. నాయక్, హెచ్.ఎ.వి. హవల్దార్, జె.ఇ.ఎమ్. జమాదార్, ఎస్.యు.బి. సుబేదార్. జమాదార్ అని ఉంటే అది 1965కి ముందుది, ఆ ఏడాది ఆ హోదాని నాయబ్ సుబేదార్‌గా మార్చారు. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, ఇంజనీరింగు దళంలో సిపాయి. జి.ఎన్.ఆర్. గన్నర్, డి.వి.ఆర్. డ్రైవర్, పాత రోజుల్లో ఇది కంచరగాడిదల్ని తోలేవాడు కూడా కావొచ్చు. వంటవాళ్ళకి, నీళ్ళు మోసే భిస్తీలకి, డోలీ బేరర్లకి కూడా మెడల్స్ ఇచ్చారు, వాళ్ళ పనే హోదాగా అంచు మీదుంటుంది. తుపాకి పట్టలేదు కాబట్టి మా తాత సైనికుడు కాదేమో అని నొచ్చుకోనక్కర్లేదు.

పేరు దగ్గర మాత్రం ఓపిక కావాలి. రాసిన గుమాస్తాకి తెలుగు రాదు, చెప్పిన కుర్రాడికి ఇంగ్లీషు రాదు. వెంకటస్వామి సగంలో తెగిపోయి ఉంటాడు, అప్పలస్వామిలో ఒక ప పోయి ఉంటుంది, ఇంటిపేరు చాలాసార్లు ఉండనే ఉండదు. అందుకే పేరు దొరికింది కదా అని ఆగిపోకుండా నంబరునీ పటాలాన్నీ పట్టుకోండి. ఒకే పటాలంలో రామస్వాములు ఎంతమందైనా ఉంటారు, వాళ్ళని విడదీసేది నంబరే.

పటాలం దగ్గర మన తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో తెలుగు సిపాయిలు ఎంత ఎక్కువంటే ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అనే పిలిచేవాళ్ళు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి, ఫలానా జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం తెల్లదొరలకి పట్టుకుంది, మద్రాసు పదాతి దళాల్ని తగ్గించుకుంటూ పోయి 1920ల్లో దాదాపు పూర్తిగా రద్దు చేశారు. మళ్ళీ మద్రాస్ రెజిమెంట్ పేరుతో మొదలుపెట్టింది 1941లో, రెండో ప్రపంచ యుద్ధానికి మనుషులు చాలకుండా పోతున్నప్పుడు. అందువల్ల మొదటి ప్రపంచ యుద్ధం నాటి తెలుగు కుటుంబాల మెడల్స్ మీద మీకు సాపర్లు, పయనీర్లు (దారులు వేసే పని కూడా చేసే పదాతి దళం), రవాణా దళాలు ఎక్కువగా తగలొచ్చు. అంచు మీద 2 అంకె, తర్వాత క్యూ.వి.ఓ., తర్వాత ఎస్ అండ్ ఎమ్ అని ఉంటే అది క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. 61 అంకె పక్కన పి.ఎన్.ఆర్.ఎస్. ఉంటే 61వ పయనీర్లు. రెండో యుద్ధానికొస్తే ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, తిండీ బళ్ళూ పెట్రోలూ చూసుకున్నవాళ్ళు. ఐ.ఇ. ఇండియన్ ఇంజనీర్స్, ఐ.ఎ.ఎమ్.సి. వైద్య దళం, ఆర్.ఐ.ఎన్. నౌకాదళం.

మెడల్ ఏదో గుర్తుపట్టడం దీనికంటే తేలిక. కిరీటమూ రాజూ ఉంటే 1950 జనవరి 26కి ముందు, మూడు సింహాలూ హిందీ అక్షరాలూ ఉంటే తర్వాత. ఈ రెండూ ఒకే బిళ్ళ మీద కలిసేది ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్ 1947లో, ఒక వైపు అశోక చక్రం మీద ఇంగ్లండు కిరీటం, రెండో వైపు మూడు సింహాలు, 15 ఆగస్టు 1947 అన్న తేదీ. స్వతంత్రం వచ్చింది, గణతంత్రం ఇంకా రాలేదు, ఆ మధ్య కాలం అంతా ఆ ఒక్క బిళ్ళలో ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే చిత్రమైన మెడల్ అదే, రిబ్బన్ కూడా నిలువుగా కాషాయం, తెలుపు, ఆకుపచ్చ.

మొదటి యుద్ధానివి మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. కంచు నక్షత్రం, మధ్యలో రెండు కత్తులు అడ్డంగా, 1914-15 అని ఉంటే 1914-15 స్టార్, దీనికి పేరు అంచు మీద కాదు, వెనకవైపు చదునుగా ఉన్నచోట కొట్టి ఉంటుంది. వెండిది, ఒక వైపు 5వ జార్జి, ఇంకో వైపు గుర్రమెక్కిన దిసమొల మనిషి, 1914-1918 అని ఉంటే బ్రిటిష్ వార్ మెడల్. రెక్కల దేవత, వెనక ఆకుల దండలో ది గ్రేట్ వార్ ఫర్ సివిలైజేషన్ 1914-1919 అని ఉంటే విక్టరీ మెడల్, దీని రిబ్బన్ ఇంద్రధనుస్సు రంగుల్లో ఉంటుంది. ఇక్కడో లెక్కుంది. విక్టరీ మెడల్ వచ్చిన ప్రతివాడికీ వార్ మెడల్ కూడా వచ్చింది. అంటే మీ ఇంట్లో దేవత బిళ్ళ ఒక్కటే ఉంటే వెండిది ఒకప్పుడు ఉండేదన్నమాట. అది సుమారు 30 గ్రాములు, రెండున్నర తులాల మంచి వెండి, కరువొచ్చిన ఏడాది ఏ ఇల్లాలైనా ముందు దాని వైపే చూస్తుంది. మన దగ్గరే కాదు, 1980లో ప్రపంచమంతా వెండి ధర ఆకాశానికెక్కినప్పుడు ఇంగ్లండులో కూడా ఈ మెడల్స్ కుప్పలుగా కరిగించారు. ఇదే వార్ మెడల్ కంచుతో చేసింది దొరికితే నకిలీ అనుకోకండి, కూలి దళాలకీ వెంట వెళ్ళిన పనివాళ్ళకీ కంచువి ఇచ్చారు. వాటి సంఖ్య తక్కువ, కాబట్టి వెండిదానికంటే అరుదు.

రెండు యుద్ధాలకీ మధ్యలో వాయవ్య సరిహద్దుకీ, మలబారుకీ వెళ్ళినవాళ్ళకి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ 1908 ఉంటుంది, వెనక కొండల ముందు జమ్రూద్ కోట బొమ్మ. దీనికి రిబ్బన్ మీద ఉండే అడ్డపట్టీయే ముఖ్యం, వజీరిస్థాన్ 1921-24, మలబార్ 1921-22 లాంటివి. పట్టీ ఎక్కడికి వెళ్ళాడో చెప్తుంది, అంచు ఎవరు వెళ్ళారో చెప్తుంది, రెండూ కుదరాలి. ఫలానా పటాలం ఆ ఏడాది అక్కడ లేకపోతే ఎవరో తర్వాత పట్టీ తగిలించారని అర్థం.

రెండో యుద్ధానివి మన ఇళ్ళల్లో ఎక్కువ. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే అంటారు, అలాంటి ఊళ్ళో ఇవి గోడ మీద ఫొటోల కింద వేలాడుతూ కనిపిస్తాయి. ఆరు మొనల కంచురంగు నక్షత్రాలు, మధ్యలో జి.ఆర్.ఐ. అన్న అక్షరాలు (6వ జార్జి రాజు గుర్తు), చుట్టూ ఆ స్టార్ పేరు. 1939-45 స్టార్‌కి ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమంగా ఉన్న రిబ్బన్. బర్మా స్టార్‌కి మధ్యలో వెడల్పుగా ఎరుపు, రెండు పక్కలా నీలం, ఆ నీలంలో నారింజ గీత. ఆఫ్రికా స్టార్‌ది ఇసుక రంగు, ఎడారి కాబట్టి. ఇవి కాక సింహం ఒక డ్రాగన్‌ని తొక్కుతున్న బొమ్మతో వార్ మెడల్, ఇండియా పటంతో ఇండియా సర్వీస్ మెడల్. ఈ చివరిది మూడేళ్ళు సర్వీసు చేసిన భారత దళాలకి మాత్రమే ఇచ్చారు, కాబట్టి దానితో కలిసి ఉన్న సెట్టు బ్రిటన్ సొంత సైన్యంలో మనిషిది కాదని తేలిపోతుంది.

అసలు సంగతేంటంటే, బ్రిటన్ తన సైనికులకి రెండో యుద్ధం స్టార్లు పేర్లు లేకుండానే పంచింది. భారతీయులకి ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం కొట్టారు, స్టార్లకి వెనకవైపు, గుండ్రటివాటికి అంచు మీద. కాబట్టి ఎవరైనా "ఇది ఒక తెలుగు జవానుది సార్, బర్మాలో పోరాడాడు" అని కథ చెప్తూ వెనక నున్నగా ఉన్న బర్మా స్టార్ చేతిలో పెడితే, కథ బాగుంది, మెడల్ సంగతి వేరు అనుకోండి. నాకు అలాంటిది ఒకటి అంటగట్టారు. కొన్నది ఎక్కడో చెప్పను, బేరం ఆడి గెలిచానని ఆటోలో నవ్వుకుంటూ వచ్చింది మాత్రం నేనే.

1947 తర్వాతవి చూసేటప్పుడు మెడల్స్ ఎన్ని ఉంటే అన్ని యుద్ధాలు చేసినట్టు లెక్కేసుకోకండి. 1965కి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్నాయి. పూర్వీ అంటే బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ అంటే పాకిస్తాన్ వైపు. రక్షా, సంగ్రామ్ మాత్రం ఆ సమయంలో సర్వీసులో ఉన్నవాళ్ళకి విస్తృతంగా ఇచ్చినవి. 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్‌కి 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉంటే చాలు. తొమ్మిదేళ్ళు, ఇరవై ఏళ్ళు సర్వీసుకి వేరే మెడల్స్. ధైర్యానికిచ్చే చక్రాలు వీటన్నిటికంటే ముందు వరసలో కుడతారు. పరమవీర చక్రకి ఊదా రిబ్బన్, బిళ్ళ మీద నాలుగు వజ్రాయుధాలు, గీసింది సావిత్రి ఖానోల్కర్. మహావీర చక్రకి సగం తెలుపు సగం నారింజ, గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుకి ఇచ్చింది ఇదే. ఇలాంటివి ఎవరైనా బజారులో అమ్మజూపితే నా సలహా ఒక్కటే, కొనకండి. నకిలీ అయితే డబ్బు దండగ, నిజమైతే ఎవరింట్లోంచి ఎలా వచ్చిందోనన్న బెంగ.

హైదరాబాదు వైపు కుటుంబాలకి ఇంకో పొర ఉంది. నిజాం సొంత సైన్యం వేరు, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని హైదరాబాద్ రెజిమెంట్ వేరు. నిజాం సైన్యం కాగితాల మీదా మెడల్స్ మీదా ఉర్దూ ఉంటుంది, తేదీ హిజ్రీలోనో ఫస్లీలోనో (నిజాం ప్రభుత్వం వాడిన రెవెన్యూ సంవత్సరం) ఉంటుంది. ఫస్లీకి 590 కలపండి, 1357 ఫస్లీ అంటే సుమారు 1947. హిజ్రీకి అలా కూడితే కుదరదు, చాంద్రమానం కదా, ఆ అంకెని 0.97తో గుణించి 622 కలిపితే దగ్గరికొస్తుంది, 1356 హిజ్రీ 1937 అవుతుంది. ఇక 19వ హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. పేరు హిమాలయాలకి వెళ్ళిపోయినా టోపీ బ్యాడ్జి మీద శిలువ పట్టుకున్న సగం సింహం మాత్రం హైదరాబాదుదే, 1813లో ఇక్కడ రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉండి ఆ దళాన్ని మొదలుపెట్టిన హెన్రీ రసెల్ కుటుంబ చిహ్నం అది.

బ్యాడ్జీల దగ్గరికి వచ్చాం కాబట్టి అవీ చూద్దాం. వీటి మీద పేరుండదు, కాబట్టి ఫలానా మనిషిదని నిరూపించడం దాదాపు కుదరదు, ఏ దళానిది, ఏ కాలానిది అన్నంతవరకే. మద్రాస్ రెజిమెంటుది డాలు మీద ఏనుగు, కత్తులు, 1803లో అస్సాయే యుద్ధం నుంచి వచ్చిన ఏనుగు. భుజం మీద ఇత్తడి అక్షరాలు, కాలర్ మీద చిన్న జత, టోపీ మీద పెద్దది, బొత్తాలు, నడుం పట్టీ బకిల్, ఇవన్నీ ఒకే దళానివా కావా చూసుకోండి. పైన కిరీటం ఉంటే 1950కి ముందుది. వెనకవైపు తిప్పితే గుడ్డలో గుచ్చడానికి రెండు కొక్కేలో, ఒక పొడుగాటి నాలుకో ఉంటుంది, అవి టంకం పెట్టిన చోట కొత్తగా మెరుస్తుంటే ఈమధ్య అతికించారన్నమాట. గుడ్డ మీద కుట్టిన డివిజన్ గుర్తులు నాకు వీటికంటే ఇష్టం, 4వ డివిజన్‌కి ఎర్ర గద్ద, 17కి నల్ల పిల్లి, 19కి బాకు, 23కి కోడిపుంజు. చేత్తో కుట్టినవి కాబట్టి ఏ రెండు పిల్లులూ ఒకేలా ఉండవు.

నకిలీ పట్టుకోవడానికి భూతద్దం, కాలిపర్ ఇప్పుడు పనికొస్తాయి. అసలువి అచ్చు కొట్టినవి, నకిలీలు ఎక్కువగా పోత పోసినవి. పోతలో బొమ్మ అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, నేల మీద సూది మొనంత గుంటలు కనిపిస్తాయి, చల్లారాక లోహం ముడుచుకుంటుంది కాబట్టి 36 మిల్లీమీటర్లు ఉండాల్సింది కాస్త తగ్గుతుంది. దీనికంటే తెలివైన మోసం అసలు మెడల్ మీద పేరు మార్చడం. మామూలు పేరుని ఆకురాయితో అరగదీసి, గిరాకీ ఉన్న పటాలం పేరు కొడతారు. అందుకని వ్యాసాన్ని ఒక్కచోట కాక నాలుగైదు చోట్ల కొలవండి, పేరున్నచోట మాత్రమే తగ్గితే అరగదీశారు. అక్షరాల చుట్టూ సన్నటి సమాంతర గీతలు కనిపించినా అదే. కంటోన్మెంటు దగ్గర, ఉదాహరణకి తిరుమలగిరి లాల్‌బజారు లాంటి చోట్ల, యూనిఫాం షాపుల్లో కొత్త మెడల్స్ అమ్ముతారు, అవి మోసం కాదు, అసలువి ఇంట్లో దాచుకుని పెరేడుకి ఇవి పెట్టుకుంటారు. సమస్య అవి ఇరవై ఏళ్ళు పాతబడి, జుమ్మేరాత్ బజారులో గోనెపట్టా మీదకి చేరి, "మిలటరీ అసల్ మాల్" అయిపోయినప్పుడు వస్తుంది.

నంబరు, పటాలం తేలాక కాగితాల వేట. ఇంట్లో డిశ్చార్జి పుస్తకం ఉందేమో ముందు వెతకండి, పాస్‌బుక్కుల మధ్య, పొలం దస్తావేజుల కట్టలో ఉంటుంది, మెడల్స్ వివరాలు అందులోనే రాసుంటాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ళయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఇంటర్నెట్టులో ఉచితం, తండ్రి పేరు, ఊరు కూడా ఒక్కోసారి ఇస్తారు, కానీ ఊరి పేరు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. ధైర్య పతకాలైతే బ్రిటన్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్ పాత సంచికలు కూడా ఉచితంగా వెతకొచ్చు. ఆ తర్వాత రెజిమెంటు రికార్డు ఆఫీసుకి ఉత్తరం, మద్రాస్ రెజిమెంటుకి తమిళనాడులోని వెల్లింగ్టన్, సాపర్లకి బెంగళూరు. ఉత్తరంలో నంబరు, హోదా, పేరు, అంచు ఫొటో, మీకు ఆయన ఏమవుతారు అన్నది పెట్టండి, భావోద్వేగం ఒక్క వాక్యం చాలు. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, అక్కడుండేవాళ్ళలో చాలామంది మాజీ సైనికులే కాబట్టి మెడల్ ఫొటో చూపిస్తే మాట త్వరగా కలుస్తుంది.

దాచడం గురించి. తోమొద్దని మళ్ళీ చెప్పను. వెండి నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. కంచు మీద పచ్చగా చిలుము పట్టి పెరుగుతుంటే మాత్రం పుల్లతో, వెదురుదైతే మంచిది, భూతద్దంలో చూస్తూ మెల్లగా గీకండి, పిన్నీసు వాడొద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు, అంటే పాత ఫొటో ఆల్బంలో వాసన వచ్చే రకం, పనికిరావు, చిలుము వాటివల్లే మొదలవుతుంది. రబ్బరు బ్యాండు వెండిని నల్లగా చేస్తుంది. న్యూస్‌పేపరులో చుట్టొద్దు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, విడివిడి పొట్లాలుగా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వర్షాకాలం అయ్యాక ఆ పొట్లం మార్చండి. రిబ్బన్ ఉతకొద్దు, ఎంత మురికిగా ఉన్నా సరే. కొత్త రిబ్బన్ కావాలంటే 32 మిల్లీమీటర్ల వెడల్పుది దొరుకుతుంది, వేసుకోండి, పాతది పారెయ్యకుండా పక్కనే కవర్లో ఉంచండి.

చట్టం సంగతి రెండు ముక్కలు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మనవడికి ఇచ్చి పంపుదాం అనుకునేవాళ్ళు ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువుని దేశం దాటించకూడదు, మొదటి ప్రపంచ యుద్ధం మెడల్స్ ఇప్పుడు ఆ గీత దాటాయి. వయసు మీద అనుమానం ఉంటే పురావస్తు శాఖ దగ్గర, ఇది పురావస్తువు కాదు అన్న సర్టిఫికెట్ తీసుకున్నాకే సూట్‌కేసులో పెట్టండి. రెండోది, సేకరించిన యూనిఫామూ బ్యాడ్జీలూ వేసుకుని నేను సైనికుణ్ణి అని నమ్మించబోతే భారతీయ న్యాయ సంహిత 168 కింద నేరం, మూడు నెలల వరకూ జైలు. నాటకానికీ, గోడ మీద ఫ్రేముకీ దీనితో పనిలేదు, చెక్‌పోస్టు దగ్గర గొప్పకి వేసుకునేవాళ్ళ కోసం చెప్తున్నాను.

చివరి పని ఒకటుంది, పది నిమిషాలు పడుతుంది, చాలామంది వదిలేసేదీ ఇదే. ఒక కార్డు ముక్క మీద, పెన్నుతో కాదు, పెన్సిల్‌తో, అంచు మీదున్నదాన్ని అక్షరం పొల్లు పోకుండా, తప్పు స్పెల్లింగు తప్పుగానే ఎత్తి రాయండి. కింద ఆయన అసలు పేరు ఇంటిపేరుతో సహా, ఊరు, మీకేమవుతారు, ఈ మెడల్ ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చింది అన్నది తెలుగులో రాయండి. పొట్లంలో మెడల్‌తో పాటు పెట్టెయ్యండి. మా ముత్తాత కార్డు మీద నేను ఇంకో వాక్యం కూడా రాశాను: "వెండిది మేనత్త పట్టీలకి పోయింది, పట్టీలు ఇంకా ఉన్నాయి."